స్టాక్స్ రికార్డ్స్‌ను ముంచింది ఎవరు?

#1 గ్రామఫోన్

నల్లవారి సంగీతానికి పేరుపడ్డ డెట్రాయిట్ రికార్డు కంపెనీ మోటౌన్ మీద నడుస్తున్న చర్చలో ఒకరు "స్టాక్స్ కూడా అలాంటిదే, డిస్కో వచ్చాక కాలం చెల్లి మూతపడింది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అక్కడ వాదిస్తే అసలు విషయం పక్కదారి పడుతుందని వేరే చర్చ మొదలుపెడుతున్నాను. 1975 డిసెంబరులో స్టాక్స్‌కు తాళం పడేనాటికి డిస్కో ఇంకా పూర్తిగా ఊపందుకోనేలేదు. పాటలు ఆడక చచ్చిన కంపెనీ కాదది. కాగితాల మీద చచ్చింది, అదీ రెండుసార్లు.

తెలియనివారి కోసం మొదటి నుంచి చెబుతాను. ఊరు అమెరికాలోని మెంఫిస్, టెన్నెసీ రాష్ట్రం. జిమ్ స్టీవర్ట్ పగలు బ్యాంకు ఉద్యోగి, రాత్రిళ్లు కంట్రీ సంగీత బృందాల్లో ఫిడేలు వాయించేవాడు. 1957లో శాటిలైట్ పేరుతో చిన్న రికార్డు కంపెనీ పెట్టాడు. సరైన రికార్డింగ్ యంత్రం కొనే స్తోమత లేదు. అక్క ఎస్టెల్ యాక్స్టన్‌ను అడిగితే ఆవిడ భర్తను ఒప్పించి, ఇల్లు తాకట్టు పెట్టి ఆంపెక్స్ యంత్రం కొనిపెట్టింది. ఆవిడా బ్యాంకు ఉద్యోగే, ఇద్దరు పిల్లల తల్లి. రాక్ చరిత్రలు రాసేవాళ్లు ఈవిడను ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు అది అస్సలు నచ్చదు.

1960లో మెక్‌లెమోర్ అవెన్యూలో మూతబడిన క్యాపిటల్ సినిమా హాలును అద్దెకు తీసుకున్నారు. కుర్చీలు పీకేసి హాలును స్టూడియో చేశారు. తెర ఉండే వేదిక మీద కంట్రోల్ రూము పెట్టారు. ముందువైపు తినుబండారాలు అమ్మిన చోట ఎస్టెల్ రికార్డుల దుకాణం తెరిచింది. శాటిలైట్ పేరుతో కాలిఫోర్నియాలో ఇంకో కంపెనీ ఉందని బయటపడటంతో 1961లో స్టీవర్ట్, యాక్స్టన్ పేర్ల ముందు అక్షరాలు కలిపి స్టాక్స్ అని మార్చారు.

మిగతాది తరువాత రాస్తాను. ముందు మీరేమంటారో చూద్దాం.

#2 కొత్తచెవి

మాస్టారూ, నేను స్టాక్స్‌లో పాడిన ఓటిస్ రెడింగ్ పాటలు రెండో మూడో విన్నాను, అంతే. ఒక అనుమానం. 1960లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవారికీ తెల్లవారికీ బడులే వేరు, బస్సుల్లో సీట్లే వేరు అని చదివాం కదా. తెల్లవాళ్ల కంపెనీలో నల్లవాళ్ల సంగీతం ఎలా కుదిరింది?

#3 శ్రుతిపేటిక

ఎలా కుదిరిందో చూడాలంటే ఆ రికార్డుల దుకాణం వైపు చూడండి. ఆ పేట అప్పటికే నల్లవారి పేటగా మారుతోంది. ఎస్టెల్ దుకాణానికి చుట్టుపక్కల పిల్లలు పాటలు వినడానికి వచ్చేవారు. ఆవిడ వెళ్లగొట్టేది కాదు. లోపల రికార్డు చేసిన పాటను బయట దుకాణంలో పెట్టి ఎవరి కాలు ఆడుతోందో, ఎవరు మొహం చిట్లిస్తున్నారో గమనించేది. ఏ రికార్డు ఎందుకు అమ్ముడవుతోందో తమ్ముడికి చెప్పేది. దుకాణం కౌంటరులో పనిచేసిన కుర్రాడు స్టీవ్ క్రాపర్, తరువాత కంపెనీకి ప్రధాన గిటారిస్టు. ఎదురుగా కిరాణా కొట్టులో పనిచేసిన డేవిడ్ పోర్టర్ తరువాత ఐజాక్ హేస్‌తో కలిసి సామ్ అండ్ డేవ్ అనే గాయకుల జంటకు పాటలు రాశాడు. బుకర్ టి జోన్స్ హైస్కూలు పిల్లవాడు. రూఫస్ థామస్, ఆయన కూతురు కార్లా పాడుతున్న రికార్డింగుకు బారిటోన్ శాక్సోఫోన్ కావాల్సి వస్తే, క్లాసులోంచి అతన్ని లేపుకొచ్చింది ఆ పోర్టరే.

ఆ బుకర్ టి పేరుతోనే కంపెనీ ఆస్థాన బృందం ఏర్పడింది: బుకర్ టి అండ్ ది ఎంజీస్. బాస్ గిటారుకు డక్ డన్ వచ్చాక ఇద్దరు నల్లవారు, ఇద్దరు తెల్లవారు. బయట కలిసి కూర్చుని తినడానికి హోటలు దొరకడమే కష్టమైన ఊళ్లో లోపల కలిసి వాయించారు. అలాగని ఇదంతా స్వర్ణయుగం అని పొంగిపోనక్కరలేదు. యాజమాన్యం తెల్లవారిదే, జీతాలు మొదట్లో అంతంతమాత్రమే.

శబ్దం గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను, నేను బాస్ వాయిస్తాను కాబట్టి. సినిమా హాలు నేల వాలు. కుర్చీలు పీకేశారు కానీ నేల చదును చేయలేదు. వాలు నేల, ఎత్తయిన పైకప్పు వల్ల ధ్వని తిరిగి వచ్చే తీరే వేరు. తెరలు కట్టి కొంత అదుపు చేశారు. వాద్యకారులు దూరదూరంగా నిలబడి ఒకేసారి వాయించేవారు, పాడేవాడూ అదే గదిలో. అల్ జాక్సన్ డ్రమ్ము దెబ్బ, క్రాపర్ గిటారు మీటు వెంట్రుకవాసి ఆలస్యంగా పడతాయి. ఆ కాస్త ఆలస్యంలోనే మొత్తం ఊపు ఉంది. ఇంకోటి, మోటౌన్‌లో కోరస్ పాడేవాళ్లు చేసే పనిని ఇక్కడ ట్రంపెట్, శాక్సోఫోన్ చేస్తాయి. ఓటిస్ రెడింగ్ ఆ వరసలను నోటితో కూనిరాగం తీసి వాద్యకారులకు నేర్పేవాడట. విని చూడండి, అవి ఊదినట్టుండవు, పాడినట్టే ఉంటాయి.

#4 వరంగల్ వినయ్

ఓటిస్ స్టాక్స్‌కు డ్రైవరుగా వచ్చాడన్నది నిజమేనా, అతికించిన కథా?

#5 గ్రామఫోన్

నిజమే. 1962లో జానీ జెంకిన్స్ అనే గిటారిస్టు రికార్డింగుకు ఓటిస్ కారు నడుపుకుంటూ వచ్చాడు. జెంకిన్స్ పని అనుకున్నంత బాగా సాగలేదు. చివర్లో కాస్త సమయం మిగిలితే డ్రైవరు కుర్రాడికి ఒక అవకాశం ఇచ్చారు. అతను పాడినదే 'దీజ్ ఆర్మ్స్ ఆఫ్ మైన్'. 'గ్రీన్ ఆనియన్స్' పుట్టుక కూడా అదే ఏడాది, అదే తంతు. ఇంకొకరి రికార్డింగు కోసం వచ్చి ఖాళీగా ఉన్న బృందం సరదాగా వాయిస్తుంటే జిమ్ మీట నొక్కాడు. మిగిలిపోయిన సమయంలో పుట్టిన పాటలే ఈ కంపెనీని నిలబెట్టాయి.

ఇప్పుడు అసలు కథ. రూఫస్, కార్లా పాట మెంఫిస్ చుట్టుపక్కల బాగా అమ్ముడయ్యేసరికి న్యూయార్క్‌లోని అట్లాంటిక్ రికార్డ్స్ నుంచి జెర్రీ వెక్స్లర్ దిగాడు. మీరు పాటలు చేయండి, దేశమంతటా మేం పంపిణీ చేస్తాం అన్నాడు. జిమ్‌కు అది వరమే. ఐదేళ్లపాటు మాట మీదే నడిచింది. 1965లో దాన్ని కాగితం మీద పెట్టారు. జిమ్ సంతకం పెట్టాడు.

1967 అక్టోబరులో అట్లాంటిక్‌ను వార్నర్-సెవెన్ ఆర్ట్స్ 1.75 కోట్ల డాలర్లకు కొంది. డిసెంబరు 10న ఓటిస్ విమానం విస్కాన్సిన్‌లోని మొనోనా సరస్సులో కూలింది. వయసు 26. అతనితోపాటు అతని వెనక వాయించే బార్-కేస్ బృందంలో నలుగురు పోయారు, అందరూ కుర్రవాళ్లే. ట్రంపెట్ వాయించే బెన్ కాలీ ఒక్కడే బతికాడు. కొద్ది రోజుల ముందే రికార్డు చేసిన 'డాక్ ఆఫ్ ద బే'కు క్రాపర్ అలల శబ్దం, పక్షుల అరుపులు కలిపి పూర్తిచేశాడు. 1968లో అది అమెరికా పాప్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. మనిషి పోయాక ఆ స్థానానికి ఎక్కిన మొదటి పాట అదే.

ఆ ఏడుపు ఇంకా ఆరకముందే జిమ్ ఆ 1965 కాగితం తీసి చదివాడు. అట్లాంటిక్ చేతులు మారింది కాబట్టి ఒప్పందం రద్దు చేసుకుందామని అతని ఆలోచన. చదివితే తెలిసిందేమిటంటే, అప్పటిదాకా అట్లాంటిక్ పంపిణీ చేసిన ప్రతి స్టాక్స్ రికార్డింగూ అట్లాంటిక్ సొత్తు. పంపిణీ హక్కు కాదు, మాస్టర్ టేపులే, అంటే అసలు రికార్డింగులే. ఓటిస్ పాటలు, 'గ్రీన్ ఆనియన్స్', అన్నీ. సామ్ అండ్ డేవ్‌నైతే అట్లాంటిక్ మొదటి నుంచీ అరువిచ్చింది, వాళ్లనూ వెనక్కి తీసుకుంది.

#6 లెక్కలపద్దు

నేను చార్టర్డ్ అకౌంటెంటును, సంగీతం సంగతి నాకు తెలియదు. కానీ చిన్న కంపెనీ ఇలాంటి కాగితం మీద ఎందుకు సంతకం పెడుతుందో నాకు బాగా తెలుసు.

రికార్డు ఒత్తే ఫ్యాక్టరీకి ముందే డబ్బు కట్టాలి. పంపిణీదారు సరుకు తీసుకుని నెలల తరబడి డబ్బివ్వడు. అమ్ముడుపోనివి దుకాణాలవాళ్లు తిప్పి పంపుతారు, వాటికి మీరే డబ్బు వెనక్కివ్వాలి. పాట ఆడకపోతే నష్టం కొద్దిగానే. ఆడితేనే ప్రమాదం: రేడియోలో మోగుతోంది, ఇంకో యాభై వేలు ఒత్తాలి, పాత యాభై వేల డబ్బు ఇంకా చేతికి రాలేదు. ఆ రోజుల్లో అమెరికాలో చిన్న లేబుళ్లు చాలావరకు హిట్టు పాటతోనే దివాలా తీశాయి. అట్లాంటిక్ లాంటివాడు వచ్చి ఒత్తడం, పంచడం, వసూలు చేయడం నేను చూసుకుంటానంటే బ్యాంకు ఉద్యోగం చేసినవాడైనా సంతకం పెట్టేస్తాడు.

వింత ఏమిటంటే జిమ్ బ్యాంకువాడు. ఎవరైనా అప్పు పత్రం తెస్తే ప్రతి క్లాజూ చదివించి ఉంటాడు. తన సొంత పత్రం దగ్గరికి వచ్చేసరికి స్నేహాన్ని నమ్మాడు. నాకు ఆయన మీద జాలి లేదు.

#7 వరంగల్ వినయ్

జాలి లేదా! వెక్స్లర్ అతని ఇంట్లో భోంచేసినంత దగ్గరితనం చూపించి, వెనక నుంచి వకీళ్లతో ఈ పని చేయిస్తే తప్పు చదవనివాడిదా?

#8 గ్రామఫోన్

ఆ క్లాజు సంగతి తనకూ తెలియదనే వెక్స్లర్ తరువాత చెప్పుకున్నాడు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. నేను సగం నమ్ముతాను: తెలియకపోయి ఉండవచ్చు, కానీ తెలిశాక టేపులు తిరిగి ఇప్పించలేదు కదా. అప్పటికి కంపెనీ తన చేతిలో లేదు, వార్నర్ చేతిలో ఉంది అనేది సాకుగా బాగానే ఉంటుంది.

#9 మిసిసిపీ ఒడ్డు

నేను మెంఫిస్‌లోనే ఉంటాను, ఉద్యోగం ఇక్కడే. పండగలకు కలిసే మన తెలుగువాళ్లలో చాలామందికి ఎల్విస్ ఇల్లు తెలుసు, స్టాక్స్ తెలియదు. ఊరికి చుట్టాలు వస్తే నేను ముందు మెక్‌లెమోర్ తీసుకెళతాను.

ఒక విషయం ఇక్కడివాళ్లు ఎప్పుడూ చెబుతారు. లొరేన్ మోటెల్. నల్లవారూ తెల్లవారూ కలిసి గది తీసుకోగలిగిన, కలిసి కూర్చోగలిగిన కొద్ది చోట్లలో అదొకటి. స్టాక్స్‌వాళ్లు అక్కడే దిగి పాటలు కట్టేవారు. ఎడ్డీ ఫ్లాయిడ్, క్రాపర్ ఉరుములు మెరుపులతో వాన పడుతున్న రాత్రి 'నాక్ ఆన్ వుడ్' రాసింది అక్కడే. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపింది ఆ మోటెల్ బాల్కనీలోనే. ఊరు తగలబడింది. స్టాక్స్ భవనం జోలికి ఎవరూ రాలేదు. కానీ లోపల మనుషుల మధ్య అంతకుముందు ఉన్న చనువు మళ్లీ పూర్తిగా రాలేదని అప్పటి వాద్యకారులే తరువాతి కాలంలో చెప్పారు.

డిసెంబరులో ఓటిస్, ఆ వెంటనే టేపులు, ఏప్రిల్‌లో కింగ్. అయిదు నెలలు కూడా లేవు.

#10 గ్రామఫోన్

అందుకే రెండుసార్లు చచ్చిందన్నాను, మొదటి చావు ఈ 1968దే. అక్కడితో ఆగిపోయి ఉంటే ఇంత పొడుగు చర్చ పెట్టేవాణ్ణి కాదు. లేచి నిలబడటమే నాకు అబ్బురం.

అల్ బెల్ పూర్వం రేడియోలో పాటలు వేసేవాడు. 1965లో ప్రచారం చూడటానికి కంపెనీలో చేరాడు. పొడగరి, మాటకారి, నల్లజాతివాడు. 1968లో కంపెనీని గల్ఫ్ అండ్ వెస్టర్న్ అనే పెద్ద వ్యాపార సంస్థకు అమ్మారు, పెట్టుబడి వచ్చింది కానీ పాత పాట ఒక్కటీ చేతిలో లేదు. పాత సరుకు లేని రికార్డు కంపెనీకి నెలనెలా వచ్చే రాబడి ఉండదు. దానికి బెల్ పరిష్కారం: రాత్రికి రాత్రి కొత్త జాబితా తయారు చేయడం. 1969 వసంతంలో ఒక్క విడతలో 27 ఆల్బమ్‌లు వదిలాడు. స్టూడియో రాత్రింబవళ్లు నడిచింది.

ఆ లెక్క నింపడం కోసమే ఐజాక్ హేస్‌ను కూడా ఒక ఆల్బమ్ చేయమన్నారు. నాకు నచ్చినట్టు చేయనిస్తేనే అన్నాడు. అదే 'హాట్ బటర్డ్ సోల్'. మొత్తం నాలుగే పాటలు, ఒకటి 12 నిమిషాలు, ఇంకోటి 18 నిమిషాలు. రేడియోకు మూడు నిమిషాల పాట కావాల్సిన రోజుల్లో అది పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. వెనక వాయించింది ఎవరనుకున్నారు? విమానంలో చోటు లేక బతికిపోయిన జేమ్స్ అలెగ్జాండర్ మళ్లీ కూడగట్టిన బార్-కేస్. 1972లో 'షాఫ్ట్' పాటకు హేస్‌కు ఆస్కార్ వచ్చింది, ఆ విభాగంలో అది గెలిచిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే.

ఈ మధ్యలోనే, 1969లో, ఎస్టెల్‌ను బయటికి పంపేశారు. ఆవిడకూ బెల్‌కూ పడలేదు, జిమ్ బెల్ పక్షాన నిలిచాడు. ఇల్లు తాకట్టు పెట్టిన అక్క!

#11 శ్రుతిపేటిక

స్టాక్స్ పెట్టిన వాట్‌స్టాక్స్ కచేరీ మరిచారు. 1972 ఆగస్టు 20, లాస్ ఏంజెలెస్ కొలీజియం. ఆ ఊళ్లోని వాట్స్ పేటలో 1965లో జరిగిన అల్లర్లకు ఏడేళ్లయిన సందర్భం. టికెట్టు ఒక్క డాలరు. లక్షమందికి పైగా వచ్చారు. అక్కడ తీసిన డాక్యుమెంటరీలో పాటల కన్నా జనం బాగుంటారు. రూఫస్ థామస్ గులాబీ రంగు నిక్కరు, కోటు వేసుకుని దిగుతాడు, వయసు 50 దాటింది. జనం కంచె దూకి మైదానంలోకి వచ్చేస్తారు. ఆయన మైకులో సరదాగా మందలిస్తూ, ఒక్కొక్కరినీ ఆటపట్టిస్తూ అందర్నీ తిరిగి మెట్ల మీదికి పంపిస్తాడు. ఏ పోలీసువల్లా కాని పని.

#12 లెక్కలపద్దు

బాగుంది. కానీ అదే ఏడాది రెండో కాగితం మీద సంతకం జరిగింది, అది నేను నిన్న రాత్రి చదివాను. గల్ఫ్ అండ్ వెస్టర్న్ నుంచి 1970లో కంపెనీని తిరిగి కొన్నారు, అప్పు తెచ్చి. 1972లో సీబీఎస్ అనే పెద్ద రికార్డు కంపెనీతో పంపిణీ ఒప్పందం, 60 లక్షల డాలర్ల అప్పు కూడా. ఆ డబ్బుతో బెల్ జిమ్ వాటా కొన్నాడు. ఈ ఏర్పాటంతా సీబీఎస్‌లో క్లైవ్ డేవిస్ అనే ఒక్క మనిషి మీద ఆధారపడింది. 1973లో డేవిస్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. తరువాత వచ్చినవాళ్లకు స్టాక్స్ పట్టలేదు.

సరుకు కూడా చేరాల్సిన చోటుకు చేరలేదు. స్టాక్స్ రికార్డులు అమ్మేది నల్లవారి పేటల్లోని చిన్న చిన్న దుకాణాలు. సీబీఎస్ సరుకు పంపేది పెద్ద దుకాణాలకు. షికాగోలో, డెట్రాయిట్‌లో జనం అడుగుతుంటే దుకాణాల్లో సరుకు లేదు. పైగా సీబీఎస్ ఇవ్వాల్సిన డబ్బులో కోత పెట్టింది. ఒప్పందం ప్రకారం వేరే పంపిణీదారు దగ్గరికి పోవడానికీ లేదు. జీతాలకు స్థానిక బ్యాంకు యూనియన్ ప్లాంటర్స్ దగ్గర అప్పులు. ఆ బ్యాంకు పరిస్థితే బాగోలేదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది.

#13 వరంగల్ వినయ్

అంటే సీబీఎస్ కావాలనే నొక్కేసిందంటారా?

#14 గ్రామఫోన్

1972లో సీబీఎస్ హార్వర్డ్ వాళ్లతో నల్లజాతి సంగీత వ్యాపారం మీద ఒక నివేదిక రాయించుకుంది. కబ్జాకు అదే పథకం అనేవాళ్లున్నారు, అంత సీను లేదు, నిర్లక్ష్యమే అనేవాళ్లూ ఉన్నారు. నా మట్టుకు నాకు రెండోదే సబబుగా ఉంది. పెద్ద కంపెనీలు చిన్నవాటిని పగబట్టి చంపవు, పట్టించుకోక చంపుతాయి.

బెల్‌ను కూడా పూర్తిగా వదలను. ఖర్చుకు అదుపు లేదు. డబ్బు ఎటు పోతోందో చూసేవాళ్లు లేరు. అయినా బ్యాంకును మోసం చేశాడని పెట్టిన కేసులో 1976లో నిర్దోషిగా బయటపడ్డాడు, అది కూడా చెప్పాలి. జిమ్ సంగతి ఇంకా ఘోరం. వాటా అమ్ముకుని హాయిగా ఉన్నవాడు, చివర్లో కంపెనీని నిలబెట్టడానికి సొంత ఆస్తి హామీ పెట్టాడు. ఇల్లు పోయింది.

#15 పాతగోడ

చాలాకాలంగా చదువుతూ ఊరుకున్నాను, ఒక్కటి కలుపుతాను. దీనికి సరిగ్గా తిరగేసిన కథ ఇంగ్లండులో ఉంది. మాంచెస్టర్‌లో 1978లో మొదలైన ఫ్యాక్టరీ రికార్డ్స్. టోనీ విల్సన్ అనే టీవీ వ్యాఖ్యాత నడిపాడు. పాటల మీద హక్కులన్నీ కళాకారులవే, కంపెనీకి ఏమీ లేదు అన్నది వాళ్ల పద్ధతి. జాయ్ డివిజన్, న్యూ ఆర్డర్ లాంటి బృందాలు. 1992లో అప్పుల్లో కూరుకుపోతే లండన్ రికార్డ్స్ కొనడానికి వచ్చింది. పుస్తకాలు తిరగేసి చూస్తే కొనడానికి అక్కడ ఏమీ లేదు! న్యూ ఆర్డర్ పాటలు న్యూ ఆర్డర్‌వే. కంపెనీ పడిపోయింది, బృందం తన పాటలతో తాను వెళ్లిపోయింది.

#16 వరంగల్ వినయ్

మన దగ్గర మూడో రకం. సినిమా పాట అయితే హక్కులు నిర్మాతవి, అక్కడి నుంచి ఆడియో కంపెనీవి. రాసినవాడికీ, స్వరం కట్టినవాడికీ ఒక్కసారి పారితోషికం, తరువాత ఎన్ని పెళ్లిళ్లలో మోగినా నమస్కారమే. 2012లో కాపీరైటు చట్టం సవరించాక కవులకూ స్వరకర్తలకూ రాయల్టీ వాటా ఉంటుందని, ఆ వాటాను కంపెనీకి రాసిచ్చినా చెల్లదని తేల్చారు. మాస్టర్ రికార్డింగు మాత్రం ఇప్పటికీ కంపెనీదే.

#17 లెక్కలపద్దు

ఆ చివరి వాక్యమే కీలకం. పాట వేరు, రికార్డింగు వేరు. స్టాక్స్‌లోనూ పాటలు రాసినవాళ్లకు రాయల్టీ వస్తూనే ఉంది. పోయింది రికార్డింగులు.

#18 కొత్తచెవి

భవనం ఏమైంది? ఇప్పుడు ఆ పాటలు ఎవరివి?

#19 మిసిసిపీ ఒడ్డు

భవనాన్ని బ్యాంకు ఒక చర్చికి 10 డాలర్లకు ఇచ్చేసింది. 1989లో కూల్చేశారు. చాలాకాలం ఖాళీ స్థలం. 2003లో అదే చోట, పాత ముఖద్వారం నమూనాలోనే మ్యూజియం కట్టారు, పక్కనే పిల్లలకు సంగీత పాఠశాల. లోపలికి వెళ్లగానే మిసిసిపీ పల్లె నుంచి విప్పి తెచ్చి నిలబెట్టిన చెక్క చర్చి, 1906 నాటిది. స్టూడియోను తిరిగి కట్టినప్పుడు నేల వాలు కూడా అలాగే పెట్టారు, నడుస్తుంటే కాలికి తెలుస్తుంది. చుట్టాల పిల్లలు మాత్రం ఐజాక్ హేస్ కాడిలాక్ దగ్గరే ఆగిపోతారు. నెమలి నీలం, బంగారు పూత అంచులు, లోపల తెల్లటి బొచ్చు తివాచీ, గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. నిజం చెప్పాలంటే నేనూ అక్కడే ఆగుతాను.

#20 గ్రామఫోన్

పాటలు ఇప్పటికీ రెండు చోట్ల ఉన్నాయి. 1968 మే వరకు వచ్చినవి వార్నర్ దగ్గర. ఆ తరువాతవి ఫాంటసీ కొంది, ఫాంటసీని 2004లో కాంకర్డ్ కొంది, ఇప్పుడు స్టాక్స్ పేరు వాడుకునేది వాళ్లే. పాత డిస్కులు దొరికితే గుర్తుపట్టడం తేలిక: లేత నీలం లేబుల్ మీద రికార్డుల దొంతర బొమ్మ ఉంటే అట్లాంటిక్ కాలం, చిటికె వేస్తున్న చెయ్యి ఉంటే తరువాతిది.

కొత్తచెవి గారూ, ఇలా వినండి. ముందు 'గ్రీన్ ఆనియన్స్', తరువాత ఓటిస్ 'ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్', అందులో డ్రమ్ము ఎప్పుడు పరుగందుకుంటుందో కనిపెట్టండి. సామ్ అండ్ డేవ్ 'హోల్డ్ ఆన్ ఐయామ్ కమింగ్'. అక్కడి నుంచి గీత దాటి జానీ టేలర్ 'హూజ్ మేకింగ్ లవ్', స్టేపుల్ సింగర్స్ 'ఐల్ టేక్ యూ దేర్'. 18 నిమిషాల హేస్ పాటను చివరికి ఉంచుకోండి, మొదటి ఎనిమిది నిమిషాలకు పైగా ఆయన మాట్లాడుతూనే ఉంటాడు, విసుక్కుని ఆపేయకండి.

#21 కొత్తచెవి

ఎనిమిది నిమిషాలా! సరే, ఆదివారం మధ్యాహ్నం పెట్టుకుంటాను. శ్రుతిపేటిక గారూ, ఆ డ్రమ్ము ఆలస్యం నాకు మొదట ఏ పాటలో తెలుస్తుంది?

#22 శ్రుతిపేటిక

విల్సన్ పికెట్ 'ఇన్ ద మిడ్‌నైట్ అవర్'. స్టాక్స్ స్టూడియోలోనే చేశారు, కానీ అట్లాంటిక్ విడుదల. రెండో, నాలుగో దెబ్బల మీద చెయ్యి తట్టండి, మీ చప్పట్లు ముందే పడిపోతాయి.